కంట్రోల్ చెట్లు

ఆకు ఎండిపోయాక చెట్టుకి బాగాలేదని చెప్పడానికి చదువు అక్కర్లేదు. ఎండకముందే చెప్పడానికి నాకు స్కాలర్‌షిప్ ఇచ్చారు. నా పీహెచ్‌డీ మొత్తం ఇదే. సముద్రం పక్క చిత్తడి నేలల్లో పెరిగే చెట్లకి ఉప్పు ఎక్కువైతే, అవి పైకి చెప్పుకోకముందే మనం కనిపెట్టాలి. మా అమ్మ ఖమ్మంలో చుట్టాలందరికీ నన్ను చెట్ల డాక్టర్ అని చెప్పుకుంది. అది నమ్మి ఒకాయన తన మామిడి తోట ఫోటోలు వాట్సాప్‌లో పంపాడు. చూసి, "ఎండిపోయింది అంకుల్" అని జవాబిచ్చాను. ఆయన మళ్ళీ పంపలేదు.

మేం పనిచేసిన చిత్తడి బ్రిస్బేన్‌కి ఉత్తరాన ఉంది. పేపర్‌బార్క్ చెట్ల అడవి అది. తెల్లటి బెరడు పొరలు పొరలుగా ఊడి, వానలో తడిసిన పాత పుస్తకంలా వేలాడుతుంటుంది. ఏడాదిలో సగం రోజులు మంచినీళ్ళలో మడమలు ముంచుకుని నిలబడే చెట్లు. వాటికీ సముద్రానికీ మధ్య ఒక పాయ, ఆ పాయ మీద ఎప్పుడో చెరకు రైతులు పెట్టుకున్న ఇనప షట్టర్. పోటు వచ్చినప్పుడు మూసుకుని ఉప్పునీటిని ఆపేది, ఆటుకి తెరుచుకుని వాననీటిని వదిలేది. చెరకు పోయింది, రైతులు పోయారు, షట్టర్ మాత్రం తన ఉద్యోగం తాను చేసుకుంటూ ఉండిపోయింది.

దాన్ని ఎత్తేస్తే సముద్రం తన పాత చోటికి వస్తుంది, మడ చెట్లు మొలుస్తాయి, మడ చెట్లు గాలిలోని కార్బన్‌నంతా బురదలో దాచిపెడతాయి, లోకం బాగుపడుతుంది అని ఒక ప్రాజెక్టు వచ్చింది. మడ చెట్ల మీద నాకు కోపం లేదు. బురదలో ఊపిరాడక వేళ్ళని పైకి పెట్టుకుని బతికే జీవులు, వాటిని గౌరవించాల్సిందే. చిక్కల్లా వెనకున్న పేపర్‌బార్క్‌లతోనే. అవి కొంత ఉప్పుకి తట్టుకుంటాయి. ఎంతో ఎవరికీ కచ్చితంగా తెలీదు. అందుకని ఒక ఒప్పందం కుదిరింది. షట్టర్ ఎత్తుతారు, చెట్లని పరీక్షిస్తూ ఉంటారు, చెట్లు ఇబ్బందిపడుతున్నాయని తేలగానే దించేస్తారు. తేల్చాల్సింది మా సార్.

సార్‌ది కృష్ణా జిల్లా, సముద్రం దాపు. ఈ దేశం వచ్చి చాలా ఏళ్ళయింది. ల్యాబ్‌లో అందరూ ఆయన్ని పేరు పెట్టి పిలుస్తారు, నిన్న చేరిన డిగ్రీ పిల్లలతో సహా. నాకు నోరు రాలేదు. నేనొక్కదాన్నే సార్ అంటాను. తెలుగు అసోసియేషన్ భోజనాల దగ్గర మళ్ళీ అంకుల్ అనాలి, లేకపోతే ఆంటీ ఊరుకోదు. సోమవారం నుంచి శుక్రవారం దాకా సార్, ఆదివారం అంకుల్. శనివారం ఆయన ఫోన్ చేస్తే హలో అన్నాక కాసేపు దగ్గేదాన్ని.

షట్టర్ ఎత్తకముందు, చిత్తడి పక్క వీధిలో ఉండేవాళ్ళని కమ్యూనిటీ హాల్‌కి పిలిచి టీ ఇచ్చారు. వాళ్ళలో ఒక పెద్దావిడ లేచింది. రిటైరైన నర్సు. ఆవిడ పెరడు దాటితే పేపర్‌బార్క్‌లే.

"చెట్టు జబ్బు పైకి కనిపించేసరికి లోపల అయిపోయి ఉంటుంది కదా. మనుషుల్లో చూశాను నేను. మీకు తెలిసేసరికి ఆలస్యమైతే?" అంది.

ప్రాజెక్టు మేనేజర్ ఏదో స్లైడ్ వెతుక్కుంటున్నాడు. సార్ లేచి నిలబడ్డారు.

"ఆకుకి తెలియకముందే మాకు తెలుస్తుంది. తెలిసిన రోజే షట్టర్ దించుతారు. ఇది నా మాట" అన్నారు ఇంగ్లీషులో, ఒక్కో పదం నొక్కి. హాల్లో చప్పట్లు కొట్టారు.

నాకు కుర్చీలో ఇబ్బందిగా అనిపించింది. సైంటిస్టులు మాట ఇవ్వరు, ఇంత అటూ ఇటూ అని ఎర్రర్ బార్ ఇస్తారు. కార్లో అడిగాను.

"మాట ఎందుకిచ్చిన్రు సార్?"

"మరేం ఇవ్వమంటావమ్మాయ్? టీ ఆల్రెడీ ప్రాజెక్టువాళ్ళే ఇచ్చారుగా."

ఆ మాట కోసం సార్ పకడ్బందీగా ఏర్పాటు చేశారు. షట్టర్‌కి దగ్గరగా, పోటునీరు ముందు తగిలేచోట కొన్ని చెట్లని ఎంచి వాటికి నారింజ రంగు బిళ్ళలు కట్టాం. అవి పరీక్షకి పెట్టిన చెట్లు. అడవికి వెనక, కాస్త ఎత్తు మీద, ఉప్పునీరు రాదనుకున్నచోట ఇంకొన్నింటికి నీలం బిళ్ళలు కట్టాం. అవి కంట్రోల్. కంట్రోల్ అంటే ఏం లేదు. ప్రతి తెలుగింట్లోనూ ఒకటి ఉంటుంది, దాన్ని పక్కింటి పిల్ల అంటారు. మనకి ఎన్ని మార్కులొచ్చాయన్నది లెక్కలోకి రాదు, ఆ పిల్లకంటే ఎన్ని తగ్గాయన్నదే లెక్క. చెట్లకీ అంతే. వానలు తక్కువైనా, చలి ఎక్కువైనా అన్ని చెట్లూ కాస్త నీరసిస్తాయి. నీలం చెట్లకంటే నారింజ చెట్లు ఎక్కువ నీరసిస్తేనే అది ఉప్పు చేసిన పని. ఆ తేడా ఫలానా గీత దాటితే షట్టర్ దిగుతుంది.

ఆ ఒప్పంద పత్రంలో సార్ పట్టుబట్టి ఒక షరతు పెట్టించారు. పని మొదలయ్యాక చివరిదాకా, ఏ కారణం చేతా, ఎవరూ కంట్రోల్ చెట్లని మార్చకూడదు. ఎందుకంత పట్టుదల అంటే, అంతకుముందు ఆయన ఇంకెక్కడో పనిచేసినప్పుడు ఒక కన్సల్టెంట్ తనకి కావలసిన జవాబు వచ్చేదాకా కంట్రోల్‌ని మారుస్తూ పోయాడట.

"మనుషుల్ని నమ్మొచ్చమ్మాయ్. మధ్యలో కంట్రోల్ మార్చేవాణ్ణి మాత్రం నమ్మకూడదు" అనేవారు.

మొదటి ఏడాది గాలివానకి ఒక నీలం చెట్టు పడిపోయింది. పక్కదానికి బిళ్ళ కట్టేద్దామా అని మేనేజర్ ఫోన్ చేశాడు. మంచివాడు, చలికాలంలో కూడా నిక్కర్లోనే తిరుగుతాడు. సార్ ఫోన్ స్పీకర్లో పెట్టి, ల్యాబ్ అంతా వినేట్టు ఆ షరతు చదివి వినిపించారు. "పడిన చెట్టు పడినట్టే రాద్దాం మేట్" అని ముగించారు. ఆ రోజంతా ఆయన ఈల వేస్తూనే ఉన్నారు.

పరీక్ష చేసే పద్ధతి మహా తీరుబడి వ్యవహారం. బట్టల క్లిప్పు లాంటిది ఒకటి ఆకుకి పెట్టి, దాని చిన్న తలుపు మూసి, ఆకులో అంత మేర చీకటి చేయాలి. చీకట్లో ఆకు పని మానేసి నిద్రపోతుంది. కాసేపయ్యాక యంత్రం పెట్టి ఒక్కసారి వెలుగు కొడితే, ఆకు ఉలిక్కిపడి కొంత ఎర్రటి కాంతిని వెనక్కి వదులుతుంది. మన కంటికి కనపడదు, యంత్రానికి కనపడుతుంది. దాన్నిబట్టి ఆకు ఎంత ఓపికతో ఉందో ఒక అంకె వస్తుంది. బాగున్న ఆకు ఒకటికి కాస్త కిందుగా ఉంటుంది. ఒకటి ఎప్పుడూ రాదు. అంత బాగున్న ఆకు లోకంలో లేదు.

ఆకు నిద్రపోయే ఆ కాసేపు మేం ఐసుపెట్టె మీద కూర్చుని దోమల్ని కొట్టుకుంటూ తినేవాళ్ళం. ఆంటీ సార్‌కి ఉప్పు తక్కువ పెరుగన్నం పెట్టి పంపేది, బీపీ. ఆయన మూత తీసి, వాసన చూసి, నా డబ్బా వైపు చూసేవారు.

"మీ ఖమ్మం మామిడికాయా అది?"

"ఆంటీ నన్ను తిడ్తది సార్."

"మీ ఆంటీ ఇప్పుడు పనిలో ఉంటుంది. ఇటియ్యి."

ఉప్పు మీద పరిశోధన చేసే మనిషికే ఉప్పు మానేయమని డాక్టర్ చెప్పడంలో ఏదో అర్థముందని ఆంటీ అంటూ ఉండేది. ఏ అర్థమూ లేదు. ఆ వయసు తెలుగువాళ్ళని ఎవర్ని పట్టినా బీపీ ఉంటుంది, వాళ్ళలో ఒకాయన ఉప్పు మీద పనిచేశారు.

షట్టర్ పూర్తిగా ఎత్తిన తర్వాతి చలికాలంలో నారింజ చెట్ల అంకెలు దిగడం మొదలైంది. నీలం చెట్లవీ దిగాయి. రెండూ కలిసి మెల్లగా, చెయ్యీ చెయ్యీ పట్టుకుని మెట్లు దిగుతున్నట్టు. తేడా లేదు కాబట్టి గీత దాటలేదు, గీత దాటలేదు కాబట్టి నెల నెలా మేనేజర్‌కి "అంతా మామూలే" అని నివేదిక వెళ్ళేది. ఆయన బొటనవేలి బొమ్మ పంపేవాడు.

"సార్, నీలంవి ఎందుకు పడుతున్నయ్?" అన్నాను.

"వానలు లేవుగా. అన్నీ పడతాయ్. కంట్రోల్ ఉండేది అందుకేగా."

"గింత పడతయా?"

"ఎండు చలికాలమమ్మాయ్. నువ్వు కూడా పడ్డావ్, మొహం చూసుకున్నావా?"

అందులో తప్పు పట్టడానికేమీ లేదు. నిజంగానే వానలు లేవు. నా మొహం కూడా నిజమే.

కానీ ఆ తర్వాతి నెల అంకెలు ఇంకా దిగాయి, ఈసారి మధ్యలో వాన పడ్డాక కూడా. వాన పడితే లేవాల్సిన అంకెలు లేవలేదు. నాకది నచ్చలేదు. నచ్చకపోవడం తప్ప నా దగ్గర వేరే రుజువు లేదు. ఒకరోజు నీలం చెట్ల దగ్గర క్లిప్పులు పెడుతూ వెనక్కి నడుస్తుంటే నా ఎడమ కాలు గడ్డిలోంచి మోకాలిదాకా దిగబడిపోయింది. నా పరిశోధన మొత్తంలో అతి ముఖ్యమైన విషయాన్ని కనిపెట్టింది ఆ కాలే. కింద పాత కాలువ ఉంది. చెరకు రోజుల్లో పొలం నీరు పాయలోకి పోవడానికి మట్టి గొట్టాలు వరసగా పాతి పైన మట్టి కప్పారన్నమాట. కాలక్రమంలో దానిపైన గడ్డి పెరిగింది. ఏ మ్యాపులోనూ లేదు. గొట్టం పగిలినచోట నా కాలు, కాలు చుట్టూ నీళ్ళు.

ఎండు చలికాలంలో ఎత్తు మీద నీళ్ళెందుకున్నాయి? ఉప్పు కొలిచే మీటర్ ఆ గుంటలో ముంచాను. అంకె చూసి, మీటర్ పాడైందేమోనని తుడిచి మళ్ళీ ముంచాను. అదే అంకె. సార్‌ని కేకేశాను.

ఆయన వచ్చి వంగి, వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నారు.

"మీటర్ ఉంది కద సార్."

"మీటర్‌కి అలవాటు లేదు. నాకుంది." కాసేపు నాలుకని నోట్లోనే తిప్పుకున్నారు. "ఉప్పే. పోటునీరు."

షట్టర్ దిగి ఉన్నన్నాళ్ళూ ఆ గొట్టంలోకి వచ్చింది మంచినీరే. షట్టర్ ఎత్తగానే సముద్రం అడవంతా నడిచి వచ్చేదాకా ఆగకుండా, కింద నుంచి దగ్గర దారిలో నేరుగా మా కంట్రోల్ చెట్ల వేళ్ళ దగ్గరికి వచ్చి కూర్చుంది. మేమేమో ఇన్ని నెలలుగా జ్వరం వచ్చినవాణ్ణి జ్వరం వచ్చినవాడి పక్కనే నిలబెట్టి, ఇద్దరి ఒళ్ళూ ఒకేలా వెచ్చగా ఉన్నాయి, కాబట్టి ఎవరికీ జ్వరం లేదని రాస్తూ వచ్చాం.

సార్ ఐసుపెట్టె మీద కూర్చున్నారు. ఆ రోజు నా డబ్బా వైపు చూడలేదు.

"ఇంకా టైముందమ్మాయ్. ఆకులు పచ్చగానే ఉన్నాయ్. వేసవి పెద్ద పోట్లు రాకముందే దించితే కోలుకుంటాయ్. రేపే మీటింగ్ పెట్టిద్దాం."

అది నిజం. ఆ రోజు దించితే బతికేవి. నేనిలా అంటున్నది బాధ కొద్దీ కాదు, అంకెలు అలాగే చెప్పాయి.

మీటింగ్ ఆ వారంలోనే జరిగింది. బల్లకి ఆ వైపు మేనేజర్, ప్రాజెక్టు తరఫున ఇంకో ఇద్దరు, ఈ వైపు సార్, నేను. సార్ గొట్టం ఫోటోలు చూపించారు, నీటి అంకెలు చూపించారు. కంట్రోల్‌ని ఇంకాస్త ఎత్తు మీదికి, గొట్టానికి అవతలకి మార్చాలని, ఈలోపు షట్టర్ దించాలని చెప్పారు. మేనేజర్ శ్రద్ధగా విన్నాడు. రాసుకున్నాడు కూడా. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"నాకిది చెప్పడం ఇష్టం లేదు మేట్. కానీ పని మధ్యలో, ఏ కారణం చేతా, ఎవరూ కంట్రోల్‌ని మార్చకూడదని ఉంది కదా."

"అవును. అది రాసింది నేనే."

"తెలుసు. చాలా మంచి షరతు అది. మాక్కూడా నచ్చింది."

సార్ ఫోన్‌లో చదివి వినిపించిన రోజు గురించి మేనేజర్ ఎత్తలేదు. దెప్పిపొడిచే మనిషి కాదు. దెప్పిపొడిచి ఉంటే కనీసం పోట్లాడ్డానికి ఏదో ఒకటి దొరికేది.

నేను కలగజేసుకున్నాను. "కానీ కంట్రోల్ చెట్లకే బాగాలేదు."

"దేంతో పోలిస్తే?" అన్నాడు మేనేజర్.

వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగాడు. దేంతో పోల్చాలో ఆ పత్రం ప్రకారం ఒక్కటే ఉంది, అది కంట్రోల్. కంట్రోల్‌ని కంట్రోల్‌తో పోలిస్తే ఎప్పుడూ బాగానే ఉంటుంది.

సార్ ఇంకోలా ప్రయత్నించారు. కంట్రోల్ మార్చొద్దు, సరే, ముందు జాగ్రత్తగా షట్టర్ అయినా దించండి అన్నారు. షట్టర్ దించడానికి తేడా గీత దాటాలి, గీత దాటలేదు అన్నారు అవతలివాళ్ళు. షరతు సవరించమని రివ్యూ ప్యానెల్‌కి పంపుకోవచ్చు. ప్యానెల్ వేసవి సెలవుల తర్వాత కూర్చుంటుంది.

"ఇప్పుడు మనంతట మనం మార్చేస్తే, అంకెలు నచ్చక కంట్రోల్ మార్చేశారని రేపు ఎవరైనా అంటారు" అన్నాడు మేనేజర్. "మీ షరతు వల్లే కదా మీ అంకెల్ని అందరూ నమ్ముతున్నారు."

ఇదే వాక్యాన్ని నేను సార్ నోటి నుంచి ఐసుపెట్టె మీద కూర్చుని ఎన్నిసార్లు విన్నానో. సార్ తలూపారు. అలవాటు ప్రకారం, మంచి పాయింట్ విన్నప్పుడు ఊపినట్టే ఊపారు. తర్వాత, తాను తలూపానని తెలిసి, ఆపేశారు.

సినిమా అయితే ఆ రాత్రి మేమిద్దరం వెళ్ళి షట్టర్ దించేసి ఉండాల్సింది. ఆ షట్టర్‌ని క్రేన్ పెట్టి ఎత్తి కొక్కేలకి తగిలించారు. దించాలంటే క్రేన్ కావాలి, క్రేన్‌కి పర్చేజ్ ఆర్డర్ కావాలి, ఆర్డర్ మీద మేనేజర్ సంతకం కావాలి. మేం ఇంటికెళ్ళి పడుకున్నాం.

ఆ తర్వాత సార్ రాయని మెయిల్ లేదు. యూనివర్సిటీలో పైవాళ్ళకి రాశారు, ప్రాజెక్టులో పైవాళ్ళకి రాశారు. అందరూ జవాబిచ్చారు. ఈ దేశంలో ఆ మర్యాద ఉంది. ప్రతి జవాబులోనూ మొదటి వాక్యం ఆయన నిజాయితీని మెచ్చుకుంది, రెండో వాక్యం ప్యానెల్ దాకా ఆగమంది. ఒక ఆదివారం వాళ్ళింటికి భోజనానికి వెళ్తే ఆంటీ వంటింట్లోకి పిలిచి అడిగింది.

"ఏమయిందే మీ అంకుల్‌కి? గారెలు చేస్తే ఒకటి తిని లేచాడు."

"చెట్లకి బాగాలేదు ఆంటీ."

"చెట్లకి బాగాలేకపోతే ఈయనెందుకే తినడం మానెయ్యడం? అవేమన్నా ఈయన కోసం మానేసినయ్యా ఎప్పుడన్నా?"

ఆయన గారెలు కూడా నేనే తిన్నాను.

వేసవిలో పెద్ద పోట్లు వచ్చాయి. ఒకదాని తర్వాత ఒకటి నీళ్ళు అడవిలోకి వచ్చి, తీరుబడిగా నిలబడి, వెళ్తూ ఉప్పుని వదిలేసి వెళ్ళాయి. ముందు ఆకుల కొనలు గోధుమరంగు తిరిగాయి. తర్వాత కొమ్మల చివర్లు. ఇక క్లిప్పూ యంత్రమూ అక్కర్లేదు, దారిన కుక్కని తిప్పుకునేవాళ్ళు కూడా చూసి చెప్పగలరు. అయినా ఒప్పందం ప్రకారం నెల నెలా వెళ్ళాం. ఎండిన చెట్టు మీద మిగిలిన కాస్త పచ్చటి ఆకు వెతికి క్లిప్పు పెట్టేదాన్ని. సార్ వంతు వచ్చినప్పుడు ఆయన ఆకు వైపు చూడకుండా, చేత్తో తడిమి పెట్టేవారు. నారింజ చెట్లు పోయాయి. నీలం చెట్లూ పోయాయి, దాదాపు జంటగా.

నేను రాసిన ఆఖరి నివేదికలో ఒక వాక్యం ఉంది: పరీక్షకి పెట్టిన చెట్లకీ కంట్రోల్ చెట్లకీ మధ్య చెప్పుకోదగ్గ తేడా ఏదీ కనిపించలేదు. అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు. శ్మశానంలో ఇటు పడుకున్నవాళ్ళకీ అటు పడుకున్నవాళ్ళకీ కూడా చెప్పుకోదగ్గ తేడా ఉండదు. కింద గొట్టం గురించి నాలుగు పేజీలు రాశాను. అవి అనుబంధంలోకి వెళ్ళాయి. అనుబంధాన్ని రాసినవాళ్ళ అమ్మ కూడా చదవదు. మా అమ్మని అడిగి చూశాను.

సెలవుల తర్వాత ప్యానెల్ కూర్చుంది. సార్ విన్నపాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది. కంట్రోల్ చెట్లని మార్చుకోవచ్చు, ఇంత శ్రద్ధగా లోపాన్ని ఎత్తిచూపినందుకు అభినందనలు అని రాశారు. మార్చుకోవడానికి ఏమైనా మిగిలాయా అని మాత్రం అడగలేదు. పాయ ఒడ్డున మడ మొక్కలు బ్రహ్మాండంగా లేచాయి. ప్రాజెక్టు వాటి ఫోటోలు వేసుకుంది. వేసుకోవాల్సిందే, చాలా బాగున్నాయి అవి.

నేనింక ఇది అయిపోయిందనుకున్నాను. ఒకరోజు సార్ ఇస్త్రీ చొక్కా వేసుకుని ల్యాబ్‌కి వచ్చారు.

"అమ్మాయ్, సాయంత్రం కారు తియ్. ఆ వీధికి వెళ్ళాలి."

"ఎందుకు సార్?"

"మాటిచ్చాంగా. తప్పామని చెప్పి రావాలిగా."

"మెయిల్ పెడ్దాం సార్. వాళ్ళు ఏమంటరో ఏమో."

"అనాలి. అననీ. నాలుగు మాటలు పడితే నాకూ కాస్త తేలికవుద్ది."

వెళ్ళాం. మొదటి ఇంట్లో కుర్రాడు తలుపు తీశాడు. సార్ నిటారుగా నిలబడి, నేను ఫలానా, ఆ రోజు హాల్లో మీకు ఇలా మాటిచ్చాను, నిలబెట్టుకోలేకపోయాను, చెట్లు పోయాయి, అది నా లెక్క తప్పు వల్ల, అని చెప్పారు. కార్లో వస్తూ దారి పొడుగునా పెదాలు కదుపుతూ కూర్చుకున్న ఇంగ్లీషు అది. కుర్రాడు శ్రద్ధగా విన్నాడు.

"ఓహ్. నో వర్రీస్ మేట్" అన్నాడు.

రెండో ఇంట్లో నో వర్రీస్. మూడో ఇంట్లో ఒకాయన ఆల్ గుడ్ అని సార్ భుజం తట్టి, బీర్ తాగుతారా అని అడిగాడు. నాలుగో ఇంటివాళ్ళు కొత్తగా దిగారు, అక్కడ అడవి ఉండేదని వాళ్ళకి తెలీదు. ప్రతి గుమ్మం దగ్గరా సార్ తిట్టించుకోవడానికి తల వంచి నిలబడటం, వాళ్ళు నవ్వి క్షమించేయడం. గుమ్మం దిగుతూ ఒకచోట ఆయన ఆగారు.

"వీళ్ళకి కోపం రాదేంటమ్మాయ్?"

"మన వీధికి పోదాం పట్టండి సార్, అక్కడైతే పార్కింగ్‌కి కూడా తిడ్తరు."

ఆయన నవ్వలేదు. ఆఖరిది నర్సుగారిల్లు. సార్ ఆ గుమ్మం ముందు చొక్కా సర్దుకున్నారు. అడిగిన మనిషి ఆవిడ. ఏమైనా అంటే ఆవిడే అనాలి.

ఆవిడ మమ్మల్ని చూడగానే గుర్తుపట్టింది. సార్ మొదలుపెట్టిన వాక్యాన్ని సగంలోనే ఆపి, చేయి పట్టుకుని ఇంట్లోంచి నడిపించుకుంటూ వెనకున్న చెక్క డెక్ మీదికి తీసుకెళ్ళింది.

"మీరు చాలా బాధపడుతున్నట్టున్నారు. అలా పడకండి. మొదట్లో నాకూ ఏడుపొచ్చింది, పక్షుల కోసం. కానీ ఇటు చూడండి."

మేం చూశాం. ఆకులు పూర్తిగా రాలిపోయాయి. తెల్లటి మోళ్ళు వరసగా నిలబడి ఉన్నాయి. వాటి సందుల్లోంచి, దూరంగా, సాయంత్రం ఎండకి తళతళలాడుతూ సముద్రం.

"ఇన్నేళ్ళు ఈ ఇంట్లో ఉన్నాను. ఇక్కడి నుంచి నీళ్ళు కనిపిస్తాయని నాకు తెలియనే తెలీదు" అంది ఆవిడ. "వీధిలో అందరూ అదే అంటున్నారు."

ఆవిడ మాటల్లో దెప్పు లేదు. ఆయన్ని ఊరడించాలని, తన దగ్గరున్నదాంట్లో మంచిదేదో వెతికి ఇస్తోంది. సార్ మర్యాదగా, "బాగుంది" అన్నారు.

ఆవిడ టీ పెడతానని లోపలికి వెళ్తూ, గోడవైపున్న కుర్చీని సముద్రం కనిపించేలా తిప్పి వేసింది. సార్ అందులో కూర్చున్నారు.